లెక్కపెట్టని చుట్లు

లెక్కపెట్టలేదు. కార్బురేటర్ మీద చెయ్యి వేసేముందు పెట్రోలూ గాలీ పాళ్ళు కలిపే ఆ మిక్స్చర్ స్క్రూని మెల్లగా లోపలికి బిగిస్తూ, అది అడుగు తాకేదాకా ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకోవాలి, ఆ అంకె ఎక్కడైనా రాసుకోవాలి, ఆ తరవాతే స్క్రూ బయటికి తియ్యాలి, ఆ అంకె ఒకటి చేతిలో ఉంటే ఎంత చెడగొట్టుకున్నా మళ్ళీ మొదటికి రావచ్చు అని నలభై ఏళ్ళు అందరికీ చెప్పినవాణ్ణి, చెప్పి చెప్పి గరాజులో లెక్కల మాస్టారని పిలిపించుకున్నవాణ్ణి, నేను, హరిదాసుని, ఈ పొద్దున ఎనిమిదింటికి గోవిందు బండి బానెట్ ఎత్తి, స్క్రూడ్రైవర్ పెట్టి, గిరగిరా తిప్పి ఆ స్క్రూ ఊడదీసి గుడ్డ మీద పడేశాను. ఎందుకు లెక్కపెట్టలేదంటే అది గోవిందు పెట్టిన సెట్టింగు కనక. వాడు పెట్టినదాంట్లో లెక్కపెట్టడానికి ఏముంది అనుకున్నాను కనక. మనిషి పోయి ఆరు నెలలైంది, ఇంకా వాడి మీద ఇంత కడుపుమంట ఏమిటని నాకే సిగ్గుగా ఉంది, అయినా ఉన్నది ఉంది. ఇప్పుడు పది దాటింది. అమ్మేసిన ఈ బండిని ఎక్కించుకుపోవడానికి పదకొండుకి లారీ వస్తుంది.

పది గంటలకి పై నుంచి పునీత ఫోన్ చేసింది. పునీత గోవిందు భార్య. ఇల్లు ఐదో అంతస్తు, ఈ కార్ పార్క్‌కి సరిగ్గా పైన, వంటింటి ముందు కారిడార్ పిట్టగోడ దగ్గర నిలబడితే బండి నెత్తి కనబడుతుంది. "అన్నా, బండెప్పుడు స్టార్ట్ సేస్తారన్నా? పదకొండుకి లారీ వొచ్చీస్తాదంట. ఈలోగా ఒక్కసారి ఆయన సప్పుడు ఇనీసుకుంటాను." అప్పటికి ఇరవై నిమిషాలుగా ఇంజిన్ నడుస్తూనే ఉంది. ఆరు నెలలు ఎండలో నిలబడి లోపలి పెట్రోలు జిగురై సన్న బెజ్జాల జెట్టులన్నీ పూడుకుపోతే, ఒక్కొక్కటీ విప్పి, కడిగి, గాలి ఊది, మళ్ళీ బిగించి, నా పద్ధతిలో నేను ట్యూన్ చేశాను. ఎయిర్ ఫిల్టర్ మూత మీద నిండు గ్లాసు నీళ్ళు పెట్టాను, నీళ్ళు తొణకలేదు. నాలుగు సిలిండర్లూ ఒకే మాట మీద ఉన్నాయి. నేను పక్కన చేతులు కట్టుకుని, చూశావా గోవిందూ, ఇదీ నీ బండి అసలు గొంతు, ముప్పై ఏళ్ళు దీని నోరు నొక్కేశావు అని మనసులో వాణ్ణి నాలుగు దులుపుతూ ఉన్నాను. పైనున్న మనిషికి అసలు బండి నడుస్తున్నట్టే తెలియలేదు. ఇదిగో సెల్లీ, ఇంకాసేపట్లో అని చెప్పి, దొంగలాగా చెయ్యి లోపలికి పోనిచ్చి తాళంచెవి తిప్పి ఇంజిన్ ఆపేశాను. ఆపడం కూడా ఆమెకి వినపడి ఉండదు.

ఆమె అడిగే చప్పుడు నాకు తెలుసు. దాన్ని చప్పుడు అనను, జబ్బు అంటాను. పెట్రోలు ఎక్కువై, గాలి చాలక, మూడు దెబ్బలు సరిగ్గా కొట్టి నాలుగో దెబ్బ దగ్గర తటపటాయించి, ఆ తరవాత ఒక్కటి గట్టిగా కొట్టే మిస్సింగ్ అది. దుబ్బు దుబ్బు దుబ్బు, కాస్త ఆగి, డుబ్బు. సైలెన్సర్ గొట్టం చివర కాటుకలాంటి మసి. నేను నెలకోసారి వచ్చి సరిచేసేవాణ్ణి, మళ్ళీ నెలకి వస్తే మళ్ళీ అదే జబ్బు, స్క్రూ తల మీద గీతలు, స్క్రూడ్రైవర్ కాని దేన్నో పెట్టి తిప్పిన గీతలు. ఏరా, ముట్టుకోవద్దంటే వినవా అని తిడితే గోవిందు నవ్వేవాడు. వాడి నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది. అంత పెద్ద పళ్ళతో, అంత నిశ్చింతగా, లోకంలో ఏదీ తనమీద పగబట్టదన్నట్టు ఎలా నవ్వుతాడు మనిషి అనిపించేది. నిజంగానే వాడిమీద ఏదీ పగబట్టలేదు, ఒక్క నేను తప్ప.

ఇద్దరం మలేసియాలో, పేరాక్‌లో ఒకే కొబ్బరి తోటలో, ఒకే లైన్ ఇళ్ళలో పుట్టాం, వాడి ఇల్లు నాలుగోది, మాది ఏడోది. చదువులో నేనే ముందు, పనిలో నేనే ముందు, అయినా తోటలో ఎవరింట్లో ఏ వేడుకైనా గోవిందు వచ్చాడా అని అడిగేవారు, హరిదాసు వచ్చాడా అని ఎవరూ అడగలేదు. ఇరవై ఏళ్ళకి ఇద్దరం ఒకే బస్సులో వంతెన దాటి ఈ ఊరు దిగాం. వాడు తంజోంగ్ పగార్ ఓడరేవులో క్రేన్ ఎక్కాడు, నేను గరాజులో బండ్ల కిందికి దూరాను. వాడు ఆకాశంలో, నేను నేలమీద వీపు ఆనించి. వాడికి కూతురు, నాకు పిల్లలు లేరు. వాడి ఇంట్లో సాయంత్రం గాలి, మా ఇంట్లో పక్క బ్లాకు గోడ. తొంభై ఆరులో వాడి సూపర్‌వైజర్ ఈ పాత బండి వాడికి ఇచ్చేశాడు. అసలు కార్బురేటర్ అరిగిపోయి ఉంటే దాని జోడు ఎక్కడా దొరకలేదు. నేనే వేరే బండ్ల కోసం తయారైన రెండు గొంతుల కార్బురేటర్ ఒకటి సంపాదించి, అది ఈ ఇంజిన్‌కి కూర్చోకపోతే మధ్యలో పెట్టడానికి అల్యూమినియం పలక నా చేత్తో కోసి, బెజ్జాలు వేసి, ఆకురాయి పట్టి, మూడు ఆదివారాలు జెట్టులు మార్చి మార్చి, చివరికి నాలుగో ఆదివారం దీన్ని పలికించాను. ఈ పలక ఇప్పటికీ ఇక్కడే ఉంది, వేలు పెడితే నా ఆకురాయి గరుకు తగులుతుంది. గుడి దగ్గర, పెళ్ళి హాళ్ళ దగ్గర, బాడ్మింటన్ కోర్టు దగ్గర అందరూ బానెట్ మీద తట్టి గోవిందు బండి గోవిందు బండి అనేవారు. దీనికి కార్బురేటర్ వేసింది ఎవరని అడిగిన పాపాన ఒక్కడూ పోలేదు. గోవిందు మాత్రం అడక్కపోయినా చెప్పేవాడు, మా దాసు వేశాడు, వాడి చెయ్యే చెయ్యి అని. అది ఇంకా మండేది. నా గొప్ప నాకు వాడు పెట్టే భిక్షలాగా.

అయినా ఇవన్నీ పైపై మంటలు. అసలు మంట ఒకటే. దాని సంగతి ఎవరికీ తెలియదు, నా భార్య పైడమ్మకీ తెలియదు. చాలా ఏళ్ళ కిందట ఒక సాయంత్రం నేను వాళ్ళింట్లో కూర్చుని గోవిందు కోసం చూస్తున్నాను. పునీత నాకు ఎదురుగా కింద కూర్చుని బీన్స్ తుంచుతూ కీర్తిక బడి గురించి ఏదో చెబుతోంది, కీర్తిక వాళ్ళమ్మాయి. మాట మధ్యలో ఉండగానే పునీత లేచింది. మాట ఆపలేదు, లేచి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించి పెనం పెట్టింది, అక్కణ్ణించే మిగతా మాట పూర్తిచేసింది. పెనం కాగింది, మొదటి రొట్టె పడింది, అది తిరగేసే సమయానికి తలుపు దగ్గర గోవిందు చెప్పులు విప్పుతున్నాడు. చేతులు కడుక్కుని కూర్చున్నాడు, కంచంలో పొగలు కక్కే రొట్టె. ఎలా తెలిసింది అని అడిగాను. బండి ఇనబడ్డాది కదన్నా అంది, అందులో వింతేముందన్నట్టు. నాకేమీ వినపడలేదు. ఊళ్ళో కార్ల చప్పుళ్ళన్నీ విని బతికేవాణ్ణి, నాకు వినపడనిది ఆమెకి వినపడింది. ఆ రొట్టె వాడు తుంచుతుంటే చూస్తూ కూర్చున్నాను. నాకూ వేసింది, వేయకపోలేదు, కానీ నాది రెండోది.

ఆ రాత్రి మా బ్లాకు కింద బండి ఆపి అందులోనే కాసేపు కూర్చున్నాను. అప్పుడు నాకూ ఒక పాత బండి ఉండేది, దాన్ని ఎంత బాగా పెట్టుకున్నానంటే పక్కన నిలబడ్డవాడు కూడా ఆగిపోయిందేమో అని బానెట్ మీద చెయ్యి పెట్టి చూసేవాడు. పైకి వెళ్ళాను. పైడమ్మ టీవీ ముందు ఉంది, తల తిప్పి, ఎప్పుడొచ్చినావు అంది. పెళ్ళైన దగ్గర్నించీ రోజూ ఆమె నన్ను అడిగే మొదటి మాట అదే, ఎప్పుడొచ్చినావు. మంచి మనిషే, అన్నం పెడుతుంది, జ్వరం వస్తే కాళ్ళు పడుతుంది, ఏ లోటూ చెప్పలేను. కానీ నేను రావడం ఆమె ఎప్పుడూ వినలేదు. చెయ్యి తిరిగిన మెకానిక్‌ని కదా, చప్పుడు లేకుండా చేయడమే నా విద్య. కార్బురేటర్ల కాలం పోయి గరాజు మూతపడ్డాక ఇప్పుడు నేను ఇంటింటికీ పార్సెళ్ళు పంచే బ్యాటరీ వ్యాన్ నడుపుతున్నాను, దానికి అసలు చప్పుడే లేదు, కుక్క కూడా లేవదు. గోవిందు ఉండగా ఈ సంగతి విని పొట్ట పట్టుకుని నవ్వాడు.

పది ఇరవై. రెండు చుట్లు బయటికి పెట్టి మొదలుపెట్టాను, ఈ కార్బురేటర్‌కి ఎవరైనా మొదలుపెట్టేది అక్కడే. ఇంజిన్ వేడిగానే ఉంది, అందుకుంది. ఇంకో పావు చుట్టు బయటికి. కాస్త బరువెక్కింది గొంతు. ఇంకో పావు. మసివాసన వచ్చింది, కానీ ఆ తటపటాయింపు లేదు, ఉత్త ముద్దగా ఉంది. స్క్రూ ఒక్కటే కాదు, స్పీడ్ కూడా తగ్గించి ఉండేవాడు వెధవ, ఎంత తగ్గించాడో దేవుడికే తెలియాలి. రెండూ కలిస్తేనే ఆ చప్పుడు, రెంటిలో ఒకటి వెంట్రుకవాసి తప్పినా వేరే చప్పుడు. ఇక్కడ బండ్లు రిపేరు చేయకూడదని బోర్డు ఉంది, ఎవరైనా కంప్లయింట్ ఇస్తే అదొక తలనొప్పి. నెత్తిమీద ఎల్‌ఆర్‌టీ రైలు వంతెన మీంచి గరగరా పోయింది, అది పోయేదాకా ఏమీ వినపడదని స్క్రూడ్రైవర్ పట్టుకుని ఆగాను. ఆగిన ఆ అర నిమిషంలో చప్పుడు నా చెవిలోకి దానంతట అదే వచ్చింది. ఇంజిన్‌లోంచి కాదు. తంజోంగ్ పగార్ గేటు దగ్గరనించి.

గేటు బయట చాయ్ అంగడి దగ్గర నేను కూర్చుని ఉన్నాను, వాన తుంపర, షిఫ్టు దిగి గోవిందు బండి బయటికి వస్తోంది, గేటు కర్ర లేచేదాకా ఆగింది, ఆగి దుబ్బు దుబ్బు దుబ్బు, కాస్త ఆగి, డుబ్బు. ఆ ఆగడంలో నేను ఛీ అనుకునేంత వ్యవధి ఉండేది. సరిగ్గా ఒక ఛీ. ఎక్కువా కాదు, తక్కువా కాదు. కీర్తిక పెళ్ళప్పుడు హాలు వెనక, పెళ్ళికూతుర్ని తెచ్చిన బండి అదే, పూలదండలు కట్టి, అందరూ దాని చుట్టూ చేరి ఫొటోలు దిగుతుంటే నేను గొడుగు పట్టుకుని వెనకాల నిలబడి మిస్సింగ్ లెక్కపెట్టాను, నిమిషానికి పద్దెనిమిది. ఎందుకు లెక్కపెట్టాను? కుళ్ళుకోవడానికి ఒక అంకె కావలసివచ్చి. గుడి మెట్ల దగ్గర, పెట్రోలు బంకు దగ్గర, మలేసియా వెళ్ళే వంతెన మీద లైన్లో నా ముందు, ముప్పై ఏళ్ళు ఆ చప్పుడులో తప్పులు ఏరుకుంటూ విన్నాను. వాణ్ణి ఇష్టపడ్డవాళ్ళెవరూ అలా విని ఉండరు, ఇష్టం ఉన్నవాళ్ళు ఒకసారి విని సంతోషపడి ఊరుకుంటారు. నేను రాత్రి పడుకుని కూడా దాన్ని మళ్ళీ మళ్ళీ తీసి చూసుకున్నాను. అంకె రాసుకోకపోతేనేం, నా ఏడుపు రాసిపెట్టింది. ఈ మాట అనుకుంటే చెవులు వేడెక్కాయి, నవ్వూ వచ్చింది.

స్పీడ్ స్క్రూ అర చుట్టు వెనక్కి తిప్పాను. ఇంజిన్ దిగాలుపడింది. మిక్స్చర్ ఇంకాస్త బయటికి. దుబ్బు దుబ్బు దుబ్బు, ఒక తడబాటు, కానీ తడబాటు పొట్టిగా ఉంది, నాకు ఛీ అనడానికి చాలలేదు. చేతులకి అంటిన నూనె తుడుచుకుందామని గుడ్డ కోసం డాష్‌బోర్డు అర తెరిచాను. గుడ్డ లేదు. ఒక దువ్వెన, ఓడరేవు పాత గుర్తింపు కార్డు, రొట్టెకి వెన్న రాసుకునే మొండి కత్తి ఒకటి. కత్తి కొస వంగి, నల్లగా నూనె పట్టి ఉంది. స్క్రూ తల మీది గీతల్లో దాని కొస పెట్టి చూశాను, అతికినట్టు కూర్చుంది. దీంతోనా వీడు నా కార్బురేటర్‌ని కెలికింది. పళ్ళు నూరుకుంటూ ఉండగా ఫోన్ మోగింది. పైకి చూశాను, పునీత పిట్టగోడ మీంచి వంగి ఉంది, చెవి దగ్గర ఫోన్.

"వొస్తన్నాదన్నా, వొస్తన్నాది, ఇంకా కొంచెం రావాల. ఆ కత్తింకా అక్కడే ఉన్నాదా?" ఆమె కళ్ళు ఇంత దూరంనించి కత్తిని చూశాయి. ఉంది, దీని సంగతేమిటి అని అడిగాను, గొంతులో కోపం దాచుకోవడం చేతకాలేదు. ఆమె దాచకుండా చెప్పింది. తొంభై ఆరులో నేను నాలుగు ఆదివారాలు కష్టపడి బండిని పలికించి వెళ్ళిన మర్నాడు గోవిందు షిఫ్టు దిగి వస్తే ఆమెకి వినపడలేదట. పాత కార్బురేటర్ మోత చూసుకుని పొయ్యి వెలిగించడం అలవాటట. వాడు పైకి వచ్చేసరికి పొయ్యి చల్లగా ఉందట, ఆమె బట్టలు మడత పెడుతూ, ఎప్పుడొచ్చినారు అందట. "ఆ మాటకి ఆయన మొకం ఎలగైపోయిందో సెప్పలేనన్నా. కూకోలేదు. కత్తట్టుకుని కిందికి దిగీసినారు." దిగి, బానెట్ ఎత్తి, తనని పైన నిలబెట్టి తిప్పాడంది. వినబడకపోతే ఆమె తల ఊపేది, వినబడితే చెయ్యి ఎత్తేది. చీకటి పడేదాకా తిప్పుకున్నారట ఇద్దరూ. ఆ తరవాత ప్రతి నెలా అంతే, దాసు ఎంతో కష్టపడి బాగుచేశాడు, మొహం మీద చెబితే చిన్నబుచ్చుకుంటాడు, వెళ్ళనిచ్చి తిప్పుకుందాం అనేవాడట.

వెళ్ళనిచ్చి తిప్పుకుందాం. ముప్పై ఏళ్ళు వాడికి పని తెలియదనుకున్నాను. వాడికి మొహం ఎలాగో అయిపోయిందట, ఒక్కరోజు ఆ మాట విన్నందుకే. నేను రోజూ విన్నాను. రోజూ విని, కూర్చుని అన్నం తిన్నాను. కత్తి పట్టుకుని కిందికి దిగాలని నాకెందుకు తోచలేదు? ఇంజిన్‌ని ఇంజిన్ కోసం ట్యూన్ చేస్తాం, పెట్రోలు మిగలడం కోసం, పొగ పరీక్ష కోసం, పక్క మెకానిక్ నోరు మూయించడం కోసం ట్యూన్ చేస్తాం, పైన రొట్టె కాల్చే మనిషి చెవి కోసం ట్యూన్ చేయవచ్చని నలభై ఏళ్ళలో నాకు తట్టలేదు, క్రేన్ తోలేవాడికి ఒక్క సాయంత్రంలో తట్టింది. అంతకుముందు వాడిమీద ఉన్నది పిల్ల అసూయ. ఇప్పుడు పుట్టింది పెద్దది, దీనికి చోటు చాలడం లేదు. నువ్వు చచ్చినా నాకంటే ముందే ఉన్నావురా అనుకున్నాను, కళ్ళు మసకేసినట్టయితే పెట్రోలు పొగ అని సరిపెట్టుకున్నాను.

"అన్నా, తిప్పండి, నాను సెప్తాను" అంది పునీత. ఫోన్ పక్కన పెట్టేసి రెండు చేతులూ పిట్టగోడ మీద ఆనించి చూస్తోంది. తిప్పాను. తల అడ్డంగా ఊపింది. ఇంకొంచెం. ఊపింది. స్క్రూడ్రైవర్ పక్కన పడేసి వాడి కత్తే పెట్టి తిప్పాను, వెంట్రుకవాసి. దుబ్బు దుబ్బు దుబ్బు. ఛీ. డుబ్బు. వచ్చింది. సరిగ్గా అదే, గేటు దగ్గరిది, పెళ్ళి హాలు వెనకది, నాకు అనుమానమే లేదు. పైన ఆమె చెయ్యి లేవబోతోంది, భుజం కదలడం కనబడింది. ఆ చెయ్యి లేవకముందే నేను కత్తిని ఇంకో కాస్త తిప్పేశాను. దాటిపోయింది. ఆమె చెయ్యి ఆగి, తల అడ్డంగా ఊగింది, పోయిందన్నా, యెనక్కి, యెనక్కి అన్నట్టు వేళ్ళు ఆడించింది. చెయ్యి జారలేదు, కావాలనే తిప్పాను. నా బతుకులో ఎవరూ నా ఇంజిన్‌ని అలా పై నుంచి చెవులు రిక్కించి వినలేదు. ఒక మనిషి పైన నిలబడి, కింద నేను చేసే ప్రతి పావు చుట్టుకీ తల ఊపుతూ, ఇంకా ఇంకా అంటూ ఉంటే ఎలా ఉంటుందో ఈ అరవై మూడేళ్ళకి తెలిసింది, అది వినేది నన్ను కాదని తెలిసి కూడా. వెనక్కి వచ్చాను, మళ్ళీ అక్కడికి చేరబోతూ ఇటు దాటేశాను. ఆమె ఓపిగ్గా మళ్ళీ వేళ్ళు ఆడించింది. మూడోసారీ దాటేశాను. పదీ నలభై ఐదు. కీర్తిక చాంగీ బిజినెస్ పార్క్ ఆఫీసునించి మెసేజ్ పెట్టింది, అంకుల్, లారీ ఆన్ ద వే లా, ఓకే ఆ అని. పునీత నిలబడి నిలబడి ఒక కాలిమీద బరువు మార్చుకుంది. ఆమెకి మోకాలి నొప్పి, నాకు తెలుసు. చాలు అనుకున్నాను.

కత్తి వెనక్కి తిప్పి అక్కడ ఆపాను. దుబ్బు దుబ్బు దుబ్బు, కాస్త ఆగి, డుబ్బు. ఆమె చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉంచింది, దింపడం మరిచిపోయినట్టు. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. తల వంచి, ఏదో పని గుర్తొచ్చిన మనిషిలాగా లోపలికి వెళ్ళిపోయింది. నేను బండి పక్కన నిలబడి పైకి చూస్తూ ఉండిపోయాను. ఒక నిమిషం, రెండు నిమిషాలు. అప్పుడు వంటింటి కిటికీలోంచి పెనం కాగిన వాసన వచ్చింది, నూనె, కాలుతున్న పిండి. ఆమె కావాలని పెట్టిందో, చెయ్యి దానంతట అది పెట్టేసిందో తెలియదు. డ్రైవర్ సీటు ఖాళీగా ఉంది. బండి పలుకుతోంది, పైన రొట్టె కాలుతోంది, మధ్యలో రావలసిన మనిషి లేడు, నేను ఉన్నాను. ఆ చప్పుడుకి పెట్టిన పెనం నాది కాదు.

లారీ మలుపు తిరుగుతుండగా ఒక పని చేశాను. నడుస్తున్న ఇంజిన్ మీదే కత్తి పెట్టి మిక్స్చర్ స్క్రూని లోపలికి తిప్పడం మొదలుపెట్టాను, ఈసారి లెక్కపెడుతూ. పొద్దున చేయవలసిన పని. ఒకటి. చప్పుడు తేలికపడింది. ఇంకాస్త తిప్పాక మధ్యలో ఒకచోట నా పద్ధతి వచ్చింది, నీళ్ళు తొణకని చోటు, దాన్నీ దాటి పోయాను. ఇంజిన్‌కి ఊపిరాడలేదు, రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆగిపోయాక కూడా అడుగు తాకేదాకా తిప్పాను, అరలూ పావులూ లెక్కలోకి తీసుకుని. తాకింది. స్క్రూ పూర్తిగా మూసుకుంది. అంకె మనసులో రెండుసార్లు చెప్పుకున్నాను. కత్తి జేబులో పెట్టుకుని బానెట్ దించాను. లారీ దిగిన చైనా మనిషి, స్టార్ట్ అవదా అంకుల్ అని అడిగాడు. అక్కర్లేదు లా, తాడుతో లాగుకో అన్నాను. వాడు ఇంజిన్ ఉన్న బండిని చచ్చిన బండిలాగా తాడు కట్టి లాగి పైకెక్కించుకున్నాడు. వంతెన అవతల జొహోర్‌లో ఎవరో పాత బండ్ల మోజు ఉన్నాయన కొనుక్కున్నాడట, ఆయన ఎవరో నాకు తెలియదు, తెలుసుకోదలుచుకోలేదు. బండి ఏ చప్పుడూ లేకుండా నా కళ్ళముందు మలుపు తిరిగిపోయింది.

పైకి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. చేతులు కడుక్కుని కూర్చుంటే కంచంలో రొట్టె పెట్టింది, మొదటిది. అది ఎవరి కోసం పెనం మీద పడిందో ఇద్దరికీ తెలుసు. కొంచెం చల్లారింది, అయినా తిన్నాను. ఆమె ఎదురుగా నిలబడి, బండి ఏ సప్పుడూ లేకుండా పోయినాదేటన్నా అంది. బ్యాటరీ పోయిందనో, లారీవాడికి తొందరనో చెప్పవచ్చు. గోవిందైతే ఏదో ఒకటి అని నవ్వించేవాడు.

"స్క్రూ మూసీసినాను సెల్లీ" అన్నాను. "అక్కడెవడో ఆ సప్పుడేసుకుని తిరుగుతాడంటే సూసోర్వలేకపోయినాను."

ఆమె నా మొహంలోకి చూసింది. తిడుతుందేమో, ఆ పని చేయడానికి నీకేం హక్కుందని అడుగుతుందేమో అని ముద్ద నోట్లో పెట్టుకుని కాచుకున్నాను. ఆమె పెనం దగ్గరికి వెళ్ళి రెండో రొట్టె తీసి నా కంచంలో వేసి, పక్కన కూర్చుంది.

"పొద్దున్నించీ నానూ అదే అడుగుదారనుకున్నానన్నా" అంది. "ఎలగడగాలో తెల్లేదు. ఆ సప్పుడికి ఇంకొక ఆడమనిషి పొయ్యి దగ్గరికి లెగుస్తాదని తల్సుకుంటే నిద్దరట్టలేదు."

రొట్టె వేడిగా ఉంది. తుంచుతుంటే వేలు కాలింది. కాసేపటికి ఆమె, మూసేముందు లెక్కపెట్టినారా, ఎన్ని చుట్లు అని అడిగింది. లెక్కపెట్టానన్నాను. జేబులో కత్తి తొడకి గుచ్చుకుంటోంది, ఆమె దాన్ని అడగలేదు, నేనూ ఇవ్వలేదు. ఎన్ని చుట్లో మాత్రం చెప్పలేదు.